తేయాకు దేశం వెళ్లినవాళ్లు

పదో తరగతి సాంఘిక శాస్త్రంలో జాతీయోద్యమం పాఠం చెప్పేటప్పుడు మా పిల్లలు ఒక చోట నిటారుగా కూర్చుంటారు. గూడెం కొండలు, అల్లూరి సీతారామరాజు పేరు వచ్చిన చోట. అది మన పాఠం అని వాళ్లకు తెలుసు. ఆ తర్వాత పేజీ తిప్పితే అస్సాం తేయాకు తోటల కూలీల గురించి ఒక చిన్న పేరా ఉంటుంది. స్వరాజ్యం వచ్చిందనుకుని వేలమంది తోటలు వదిలి ఇళ్లకు బయలుదేరారనీ, ఇల్లు చేరలేకపోయారనీ, పోలీసులు కొట్టారనీ రాసి ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి పిల్లలు మళ్లీ జారగిలబడతారు. అస్సాం ఎక్కడో దూరం కదా.

పోయిన సంవత్సరం ఒక అమ్మాయి మాత్రం లేచి అడిగింది. "మాస్టారూ, ఆ కూలీలు ఎవరు? ఏ ఊరోళ్లు?" పుస్తకంలో ఆ సంగతి లేదు. వాళ్లలో చాలామంది ఆదివాసీలేనని చెప్పాను. సంతాల్‌లు, ముండాలు, ఒరావ్‌లు, ఖరియాలు, ఇంకా మన సవరలు, కొందులు కూడా ఉన్నారన్నాను. తరగతి నిశ్శబ్దమైపోయింది. "మనోళ్లా?" అంది ఆ పిల్ల.

మా తాతకు చిన్నాన్న వరస అయ్యే ఒకాయన "తేయాకు దేశం" వెళ్లి తిరిగి రాలేదని చిన్నప్పుడు ఇంట్లో విన్నాను. ఆయన పేరు కూడా ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. నేనూ టీచర్ ట్రైనింగ్ చదివి, ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతూ, ఆ మాట వెనక ఏముందో వెతకలేదు. ఆ పిల్ల అడిగాక వెతికాను. తెలుసుకున్నంత ఇక్కడ రాస్తున్నాను. తోటి ఉపాధ్యాయులు ఆ పేరా దగ్గర ఒక్క పీరియడ్ ఆగితే చాలు.

తేయాకు మొదట ఎవరిది?

బ్రిటిష్‌వాళ్లు టీని చైనా నుంచి కొనేవారు. చైనావాళ్లు వెండి తప్ప వేరే సరుకు పెద్దగా అడిగేవారు కాదు. ఆ వెండి ఖర్చు తప్పించుకోవడానికి కంపెనీ మన దేశంలో నల్లమందు పండించి చైనాకు దొంగదారిన చేర్పించింది. అదో పెద్ద కథ. 1833లో చైనా వ్యాపారం మీద ఈస్టిండియా కంపెనీకున్న గుత్తాధిపత్యం పోయింది. దాంతో తేయాకును తమ ఏలుబడిలోని నేలమీదే పండించుకోవాలని ఆలోచించారు. 1834లో గవర్నర్ జనరల్ బెంటింక్ దీనికోసం ఒక కమిటీ వేశాడు.

వాళ్లు వెతుకుతున్న మొక్క అప్పటికే అస్సాం అడవుల్లో ఉంది. అక్కడి సింగ్‌ఫో ఆదివాసీలు ఆ ఆకును వాడుకునేవారు. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే వ్యాపారికి సింగ్‌ఫోల పెద్ద బీసా గామ్ ఆ మొక్కను చూపించాడు. దాని సంగతి బ్రూస్‌కు ముందు చెప్పినవాడు మణిరాం దివాన్ అనే అస్సామీయుడని చరిత్రకారులు రాశారు. 1839 జనవరిలో అస్సాం టీ మొదటిసారి లండన్ వేలంలో అమ్ముడుపోయింది. అదే సంవత్సరం అస్సాం కంపెనీ పుట్టింది. ఆ తర్వాత సింగ్‌ఫోల నేల తోటలకింద పోయింది. తర్వాత సొంతంగా తోటలు పెట్టుకున్న మణిరాం దివాన్‌ను 1857 తిరుగుబాటుకు కుట్ర పన్నాడని 1858లో ఉరితీశారు. చెట్టు చూపించినవాడి నేల పోయింది, కబురు చెప్పినవాడి ప్రాణం పోయింది.

మన దగ్గర ఇప్పచెట్టు, చింతచెట్టు, వెదురు మీద హక్కు ఎలా పోయిందో తెలిసినవాళ్లకు ఇందులో కొత్తేమీ ఉండదు.

చేతులు ఎక్కడి నుంచి తేవాలి?

నేల దొరికింది. 1838 నుంచి "బంజరు భూమి" నిబంధనలు తెచ్చి ఐరోపా దొరలకు వేల ఎకరాలు నామమాత్రపు పన్నుకు ఇచ్చారు. బంజరు అని రాసుకున్న నేల నిజానికి అక్కడి జనం పోడు చేసుకునేది, పశువులు మేపుకునేది, కట్టెలు తెచ్చుకునేది. ఇక మిగిలింది పని చేసే మనుషులు.

మొదట చైనా నుంచి పనివాళ్లను తెచ్చారు, కుదరలేదు. తర్వాత స్థానిక కచారీలను పెట్టుకున్నారు. వాళ్లు జీతం బకాయి పడితే పని ఆపేసేవారు. పొలం పని వస్తే ఊరికి వెళ్లిపోయేవారు. సొంత పొలం ఉన్నవాణ్ని తోటలో కట్టేయడం కష్టం. వాళ్లను లొంగదీయడానికి ప్రభుత్వం భూమి శిస్తు పెంచింది. 1860-61లో రైతులు నల్లమందు పండించడాన్ని ఆపేసి, అదే నల్లమందును తానే అమ్మింది. చేతిలో డబ్బు లేకపోతే తోటకు వస్తారని దొరల లెక్క. అయినా చాలినంత మంది రాలేదు.

అప్పుడు వాళ్ల చూపు దూరంలో ఉన్న ఆదివాసీ కొండల మీద పడింది. ముందు ఛోటానాగపూర్, సంతాల్ పరగణాలు. తర్వాత మధ్య పరగణాలు, ఒడియా కొండలు, మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్నం జిల్లాలు. ఇప్పటి మన పార్వతీపురం, సీతంపేట, పాడేరు, అరకు, అటు కోరాపుట్, గుణుపురం అంతా అప్పుడు ఆ రెండు జిల్లాల కిందే ఉండేవి.

ఆదివాసీలు ఎందుకు వెళ్లారు? "పేదరికం వల్ల" అని ఒక్క ముక్కలో రాసేస్తారు. ఆ పేదరికం ఎక్కడినుంచి వచ్చిందో మనం పిల్లలకు చెప్పాలి. జమీందారీ వచ్చి ఉమ్మడి నేల పోయింది. షావుకార్ల అప్పుకు పంట పోయింది. 1865, 1878 అటవీ చట్టాలు, మద్రాసులో 1882 చట్టం వచ్చి అడవి పోయింది. ఊరుకున్నామా అంటే, లేదు. 1855లో సంతాల్‌లు లేచారు. 1864-65లో గుణుపురం వైపు సవరలు పోలీసుల మీద తిరగబడ్డారు. 1879లో రంప లేచింది. ప్రతి తిరుగుబాటునూ తుపాకులతో అణిచారు. ఆ తర్వాత కరువు వచ్చేది. కరువు వెనకాలే కూలీల దళారి వచ్చేవాడు. ఈ వరస తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. వలస అనేది కాళ్లు తీసుకున్న నిర్ణయం కాదు. ముందు కాళ్లకింద నేల తీసేశారు.

ఇంకొక సంగతి. తోటల దొరల లెక్కల్లో కూలీలకు తరగతులు ఉండేవి. అడవి మనుషుల్ని "జంగ్లీ"లని పిలిచి మొదటి తరగతి కూలీలుగా రాసుకునేవారు. వాళ్లను తెచ్చిన దళారికి తలకు ఎక్కువ ధర దొరికేది. అడవి నరకడం వచ్చు, చలికి వానకు తట్టుకుంటారు, లెక్కాపత్రం అడగరు. ఇవీ మన మీద వాళ్లు రాసుకున్న గుణాలు. సంతలో ఎద్దుకు పళ్లు చూసి ధర కట్టినట్టే.

ఆర్కటి, ఒప్పందం, పడవ

దళారిని అక్కడ ఆర్కటి అనేవారు. సంతల్లో, జాతరల్లో, కరువు ఊళ్లలో తిరిగేవాడు. కొత్త బట్ట ఇచ్చేవాడు, కల్లు పోయించేవాడు, చేతిలో రెండు రూపాయలు పెట్టేవాడు. చెట్టు ఊపితే డబ్బు రాలుతుందని చెప్పేవాడట. ఇంట్లో గొడవపడి వచ్చిన ఆడపిల్లనీ, తప్పిపోయిన కుర్రాణ్నీ కూడా ఎక్కించేసేవాడు. తర్వాత తోటలో పనిచేస్తున్న పాతకూలీలనే సర్దార్ పేరుతో సొంత ఊళ్లకు పంపి మనుషుల్ని తెప్పించే పద్ధతి పెంచారు. మోసం చేసేవాడు బయటివాడైతే అనుమానిస్తాం. మన భాష మాట్లాడేవాడు వచ్చి పిలిస్తే వెళ్తాం. ఇప్పటికీ అంతే.

డిపోలో వేలిముద్ర వేయించేవారు. ఆ కాగితం పేరే గిర్మిట్. ఇంగ్లీషు అగ్రిమెంటు మన నోళ్లలో అలా మారింది. ఫిజీకి, మారిషస్‌కు, నటాల్‌కు వెళ్లిన మన తెలుగు కూలీల నోటా అదే మాట. అందులో ఏమి రాసుందో వేలిముద్ర వేసినవాడికి తెలియదు.

ఆపైన ప్రయాణం. కొన్నాళ్లు నడక, తర్వాత రైలు, ఆ తర్వాత పద్మ, బ్రహ్మపుత్ర నదుల మీద వారాల తరబడి పడవ ప్రయాణం. కిక్కిరిసిన పడవల్లో కలరా పుడితే ఆపేవాళ్లు లేరు. ప్రభుత్వ లెక్కల్లోనే ఒక అంకె ఉంది. 1863 మే నుంచి 1866 మే దాకా అస్సాం తోటలకు 84,915 మందిని తీసుకెళ్లారు. 1866 జూన్ నాటికి వాళ్లలో 31,876 మంది చనిపోయారు, లేదా తోటలు విడిచి పారిపోయారు. ముగ్గురిలో ఒకరికంటే ఎక్కువ. పారిపోయినవాళ్లలో ఎంతమంది ఇల్లు చేరారో, ఎంతమంది అడవిలో పోయారో ఆ లెక్క చెప్పదు.

పిల్లలకు ఈ అంకె చెప్పేటప్పుడు నేను ఒక పని చేస్తాను. తరగతిలో ముప్పై మంది ఉంటే పదకొండు మందిని లేపి బయట వరండాలో నిలబెడతాను. మిగిలినవాళ్లు ఖాళీ అయిన చోట్లు చూస్తారు. ఆ తర్వాత వేరే మాట అక్కర్లేదు.

చట్టం ఎవరి పక్షం?

ఇదంతా చట్టం లేక జరిగింది కాదు. చట్టంతోనే జరిగింది. 1859లో వచ్చిన పదమూడో చట్టం ప్రకారం అడ్వాన్సు తీసుకుని పని మానేసిన కూలీ నేరస్థుడు, జైలుకు పంపవచ్చు. జీతం ఇవ్వని యజమాని మాత్రం నేరస్థుడు కాదు. 1863లో కూలీల రవాణాకు లైసెన్సుల చట్టం చేశారు. 1865 చట్టంలో మగవాళ్లకు నెలకు 5 రూపాయలు, ఆడవాళ్లకు 4, పిల్లలకు 3 అని కనీస జీతం రాశారు. వినడానికి బాగుంది. అదే చట్టంలో ఇంకో మాట ఉంది. పారిపోయిన కూలీని వారంటు లేకుండా పట్టుకునే అధికారం తోట యజమానికి ఇచ్చారు. పోలీసు, యజమాని ఒకడే అయ్యాడు. 1882 చట్టం ఒప్పందాన్ని ఐదేళ్ల దాకా పెంచింది. పదిహేడేళ్లు గడిచినా మొదటి మూడేళ్లకు జీతం మాత్రం అదే ఐదు, అదే నాలుగు.

ఆ ఐదు రూపాయలైనా చేతికి వచ్చేవా? రోజుకు ఇంత పని అని కొలత పెట్టేవారు. దాన్ని నిరిఖ్ అంటారు. ఇన్ని గజాలు తవ్వాలి, ఇన్ని సేర్ల ఆకు కోయాలి. కొలత పూర్తికాకపోతే ఆ రోజు హాజరు సగమే. జ్వరం వస్తే హాజరు లేదు. కడుపుతో ఉన్న ఆడమనిషి కొలత పూర్తి చేయలేదు కాబట్టి ఆమెకు కోత. పైగా అడ్వాన్సు, బియ్యం, కంబళి ఖర్చు పట్టుకునేవారు. కూలీ లైన్ల చుట్టూ రాత్రిపూట కాపలా. కొరడా దెబ్బల కేసులు కోర్టుకు వచ్చినా చాలావాటిలో దొరలకు చిన్న జరిమానాలే పడేవి.

దీన్ని బయటపెట్టినవాళ్లూ ఉన్నారు. 1880లలో బెంగాల్‌కు చెందిన ద్వారకానాథ్ గంగూలీ అస్సాం తోటలకు వెళ్లి, చూసింది పత్రికల్లో వరసగా రాశాడు. 1896 నుంచి 1902 దాకా అస్సాం చీఫ్ కమిషనర్‌గా ఉన్న హెన్రీ కాటన్ కూలీల జీతం పెంచాలని పట్టుబట్టి తోటల యజమానుల కోపానికి గురయ్యాడు. పెరిగింది కొంచెమే. యజమాని సొంతంగా కూలీని పట్టుకునే అధికారం 1908లో గాని తొలగలేదు. 1915లో ఆ ఒప్పంద పద్ధతికి చట్టం మద్దతు ఆగింది. 1859 నాటి చట్టం మాత్రం 1926 దాకా బతికింది.

ఈలోగా లండన్‌లో ఏం జరిగింది? 1880ల చివరికి బ్రిటన్ తాగే టీలో భారతదేశపు టీ చైనా టీని మించిపోయింది. ధర తగ్గి, అక్కడి గని కార్మికుడూ, మిల్లు పనిమనిషీ రోజూ టీ తాగగలిగారు. తోట అస్సాంలో, కంపెనీ ఆఫీసు కలకత్తాలో, వాటాదారులు లండన్, గ్లాస్గోలలో, వేలంపాట లండన్‌లో. ఆకు కోసే చెయ్యికీ, కప్పు పట్టుకున్న చెయ్యికీ మధ్య ఇంతమంది. మధ్యలో ప్రతి ఒక్కరూ కొంత తీసుకుని, కింది చేతికి మిగిలింది ఇచ్చారు. ఇప్పుడు పుస్తకాల్లో ప్రపంచ సరఫరా గొలుసు అంటున్నది దీన్నే. కొత్త మాట, పాత పని.

1921: ఇంటికి పోదాం పద

మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక టీ ధర పడిపోయింది. బియ్యం, బట్ట ధరలు పెరిగాయి. తోటల యజమానులు కూలీ తగ్గించారు, పని తగ్గించారు. కరువు కాలంలో కొత్తగా తెచ్చిన కూలీలకు తిండి కష్టమైంది. అదే సమయంలో గాంధీ పేరు తోటలకు చేరింది. గాంధీరాజ్యం వస్తోంది, ఊరికి వెళ్తే నేల ఇస్తారు అని చెప్పుకున్నారు.

1921 మే నెల మొదట్లో అప్పటి సిల్హెట్ జిల్లాలోని చార్గోలా లోయలో కూలీ పెంచమని అడిగారు. పెంచలేదు. దాంతో పెళ్లాం పిల్లలతో, కుండాచట్టీతో బయలుదేరారు. ఒక తోట చూసి ఇంకో తోట. ఎనిమిది వేలమందికి పైగా నడిచారు. వాళ్ల మాట "ములుక్ చలో". అంటే మన దేశం పోదాం పద అని. కరీంగంజ్ దాకా నడిచి, అక్కడినుంచి రైల్లో చాంద్‌పూర్ అనే రేవుకు చేరారు. అది ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. అక్కడ స్టీమరు ఎక్కితేనే నది దాటి మళ్లీ రైలు. తోటల యజమానుల ఒత్తిడి వల్ల వాళ్లను స్టీమరు ఎక్కనివ్వలేదు. మే 20 రాత్రి రైల్వే స్టేషన్‌లో నిద్రపోతున్నవాళ్ల మీదికి గూర్ఖా సిపాయిలను పంపారు. ఆడవాళ్లని, ముసలివాళ్లని, చంటిపిల్లలని చూడకుండా తుపాకీ మడమలతో కొట్టి తరిమారు. ఆ తర్వాత కలరా వచ్చి వందలమంది చనిపోయారు.

అది విని రైల్వే కార్మికులు, స్టీమరు కార్మికులు పని ఆపేశారు. తోట కూలీలకోసం రైలు కూలీలు సమ్మె చేయడం అప్పటికి పెద్ద సంగతి. లాయరు జె.ఎం. సేన్‌గుప్తా ఆ సమ్మెకు ముందు నిలిచాడు. సి.ఎఫ్. ఆండ్రూస్ వచ్చి రోగుల మధ్య తిరిగాడు. గాంధీ మాత్రం ఆ సమ్మెను సమర్థించలేదు. తన పేరు చెప్పుకుని నడిచినవాళ్ల నడకకు తాను బాధ్యుణ్ని కాదన్నట్టు రాశాడు. ఇది కూడా పిల్లలకు చెప్పాలి. మనవాళ్లు పెద్దపేర్లను నమ్మి నడిచారు, ఆ పెద్దపేర్లు అన్నిసార్లూ మనతో నడవలేదు.

అదే సంవత్సరం అస్సాంలోనే మంగ్రీ ఒరాంగ్ అనే తోట కార్మికురాలు నల్లమందు, సారా వ్యతిరేక ప్రచారంలో పనిచేస్తూ ప్రాణం పోగొట్టుకుంది. మాలతీ మేమ్ అని ఆమెను తలుచుకుంటారు. స్వాతంత్ర్యోద్యమంలో చనిపోయిన స్త్రీల పేర్లు పిల్లలతో రాయించేటప్పుడు ఆమె పేరు కూడా చేర్చండి.

ఇప్పుడు మళ్లీ ఆ పాఠం మొదటి పేజీకి వద్దాం. చాంద్‌పూర్ జరిగిన పదిహేను నెలలకు, 1922 ఆగస్టు 22న, చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడితో మన్యం పోరాటం మొదలైంది. దానికి ఒక ముఖ్యకారణం ఏమిటి? నర్సీపట్నం నుంచి కొండల్లోకి రోడ్డు వేయించిన డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, ఆరణాల కూలీ ఇవ్వాల్సిన చోట రెండణాలు ఇచ్చి కొట్టి పని చేయించడం. ఆ రోడ్డు ఎందుకు? అడవి సరుకు కిందికి దిగడానికి. చార్గోలాలో అడిగింది కూలీ, గూడెంలో అడిగిందీ కూలీ. పుస్తకంలో రెండు వేరు వేరు పేరాలు. నడిచినవాళ్లదీ ఎదురు తిరిగినవాళ్లదీ ఒకటే ఆకలి.

ఇప్పటి తోటలు

స్వాతంత్ర్యం వచ్చాక 1951లో తోటల కార్మిక చట్టం చేశారు. ఇల్లు, మంచినీళ్లు, ఆసుపత్రి, పిల్లల బడి, చంటిబిడ్డల సంరక్షణ కేంద్రం యజమాని బాధ్యత అని రాశారు. మంచి చట్టమే. దాన్ని 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కలిపారు. కాని ఇల్లు తోటదే కావడం వల్ల ఇంకో ముడి పడింది. తోటలో పని మానేస్తే ఇల్లు కూడా పోతుంది. అందుకని ఇంట్లో ఒకరైనా ఆకు కోస్తూనే ఉండాలి. కాపలావాడు పోయాడు గాని కంచె పోలేదు.

బ్రహ్మపుత్ర లోయ తోటల్లో రోజుకూలీ 2018లో 167 రూపాయలు, 2022లో 232, 2023 అక్టోబరులో 250. అదే 2023-24లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలీ 272 రూపాయలు. తోటల్లో రేషన్, ఇల్లు కూడా ఇస్తున్నామని యజమానులు అంటారు. ఆ ఇళ్ల పైకప్పుల సంగతి, మరుగుదొడ్ల సంగతి వెళ్లి చూసినవాళ్లు రాస్తూనే ఉన్నారు. కొలత ఇప్పటికీ ఉంది, రోజుకు సుమారు 24 కిలోల పచ్చి ఆకు. 2016-18 లెక్కల్లో దేశంలో ప్రసవ మరణాలు అత్యధికంగా ఉన్న రాష్ట్రం అస్సాం, లక్ష ప్రసవాలకు 215. అక్కడి తోటల ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువని డాక్టర్లు చెబుతారు.

డబ్బు ఎక్కడ ఆగిపోతోంది? ఆక్స్‌ఫామ్ సంస్థ 2019లో లెక్క తీసింది. మన దేశంలో ఒక టీ ప్యాకెట్ మీద మనం పెట్టే వంద రూపాయల్లో కంపెనీ బ్రాండ్లు, దుకాణాల దగ్గర 58 దాకా మిగులుతోంది. కార్మికులకు అందేది 7 రూపాయల పైచిలుకు. బ్రిటన్‌లో 79 పెన్నీల టీ సంచుల పెట్టె కొంటే, 49 పెన్నీలు దుకాణాలకూ బ్రాండ్లకూ, 3 పెన్నీలు కార్మికులందరికీ కలిపి. ఇది ఒక మంచివాడో చెడ్డవాడో యజమాని కథ కాదు. గొలుసు ఎంత పొడవైతే కింది చేతికి అంత తక్కువ. పైవాడు ధర తగ్గించమంటే నడుమవాడు కిందివాడి కూలీలోనే తగ్గిస్తాడు, ఎందుకంటే అక్కడే అడిగేవాడు లేడు.

కూలీ కంటే నన్ను ఎక్కువ కలిచివేసిన సంగతి ఇంకొకటి ఉంది. మన దగ్గర సవర షెడ్యూల్డ్ తెగ. కొందు షెడ్యూల్డ్ తెగ. జార్ఖండ్‌లో సంతాల్, ముండా, ఒరావ్ షెడ్యూల్డ్ తెగలు. వాళ్ల అన్నదమ్ముల సంతానమే అస్సాం తోటల్లో ఉంటే ఆ రాష్ట్రంలో వాళ్లను వెనుకబడిన తరగతుల జాబితాలో పెట్టారు. ఆ జాబితాల్లో సవర్, కంధ్, తెలెంగా పేర్లు ఉన్నాయి. తెలెంగా అంటే మన తెలుగువాళ్లే. నేల పోగొట్టి, రైలెక్కించి, వంద మైళ్లు కాదు, వెయ్యి మైళ్లు తీసుకెళ్లారు. ఆ తర్వాత "మీరు ఇక్కడి ఆదివాసీలు కాదు" అన్నారు. షెడ్యూల్డ్ తెగ హోదా కోసం 2007 నవంబరు 24న గువాహటిలోని బెల్తలాలో ఊరేగింపు తీసిన ఆదివాసీల మీద దాడి జరిగింది. ఒక ఆదివాసీ ఆడపిల్లను నడిరోడ్డు మీద అవమానించారు. వందేళ్లకు పైగా ఆ రాష్ట్రానికి పేరు తెచ్చిన పంట పండించినవాళ్లకు దక్కిన గౌరవం అది.

మన ఆర్కటి ఎవరు?

ఇదంతా అయిపోయిన చరిత్ర అనుకుంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ని కాదు.

నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి పదో తరగతి పాసై, ఇంటర్‌లో సీటు ఉండి కూడా వెళ్లలేదు. ఊరికి ఒకతను వచ్చి, తండ్రి చేతిలో కొంత అడ్వాన్సు పెట్టి, ఆ పిల్లనూ ఇంకా కొందరినీ సముద్రం వైపు రొయ్యలు ఒలిచే షెడ్డుకు తీసుకెళ్లాడు. ఆ రొయ్యలు అమెరికా వెళ్తాయట. ఐదు నెలలకు వచ్చింది. మంచునీళ్లలో నానిన వేళ్లు పగిలి ఉన్నాయి. కిలోకి ఇంత అని కూలీ. తూకం వాళ్లదే, లెక్క వాళ్లదే. ఆధార్ కార్డు వాళ్ల దగ్గరే ఉంచుకున్నారట. "అడిగావా అమ్మా?" అంటే, "అడ్వాన్సు తీసుకున్నాం కదా మాస్టారూ, ఎలా అడుగుతాం?" అంది.

1859 చట్టం ఆ పిల్ల నోట్లో ఇంకా బతికే ఉంది. అడ్వాన్సు తీసుకుంటే అడిగే హక్కు లేదని మన రక్తంలోకి ఎక్కించారు. కాని చట్టం మారింది, అది మనవాళ్లకు చేరలేదు. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం అప్పు చూపించి మనిషిని పనిలో కట్టేయడం నేరం. అలా కట్టేసిన అప్పు చెల్లదు. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. ఒడిశా దాదన్ కూలీల గోస దాని వెనక ఉంది.

మన పిల్లలు తమిళనాడు నూలు మిల్లులకు వెళ్తున్నారు, రొయ్యల షెడ్లకు వెళ్తున్నారు, ఇటుక బట్టీలకు వెళ్తున్నారు. వెళ్లొద్దని నేను చెప్పను. ఇంట్లో బియ్యం లేనివాడికి అలా చెప్పే హక్కు నాకు లేదు. కాని బయలుదేరే ముందు అడగాల్సినవి బడిలోనే నేర్పిద్దాం. కూలీ రోజుకా, కిలోకా? తూకం ఎవరు వేస్తారు? అడ్వాన్సు ఎంత, ఎలా పట్టుకుంటారు? కాగితం తెలుగులో ఉందా, ఒక కాపీ ఇంట్లో ఉందా? ఆధార్ కార్డు ఎవరి దగ్గర ఉంటుంది? తిరిగి రావాలనుకున్న రోజు రానిస్తారా? ఈ ఆరు ప్రశ్నలు చార్గోలాలో నడిచినవాళ్లకు ఎవరూ నేర్పలేదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. మీ ఊళ్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, తేయాకు దేశం, రంగం, అండమాన్ వెళ్లి రానివాళ్లు ఎవరైనా ఉన్నారా అని పిల్లల చేత అడిగించండి. పేరు, ఊరు, ఇంటిపేరు, ఏ కరువులో వెళ్లారు, ఎవరు తీసుకెళ్లారు, అన్నీ నోటుపుస్తకంలో రాయించండి. పెద్దవాళ్లు పోతే ఆ పేర్లు కూడా పోతాయి. మా ఇంట్లో ఇప్పటికే ఒకటి పోయింది.

ఆ అమ్మాయి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలను. అవునమ్మా, మనోళ్లే. పుస్తకంలో కూలీలు అని రాశారు. వాళ్లకు ఊర్లున్నాయి, భాషలున్నాయి, వాళ్లూ తిరిగి రావాలనుకున్నారు. ఆ పేరా చదివేటప్పుడు ఇకమీదట జారగిలబడి కూర్చోకు.